డేటాబేస్‌ను కోర్లకు కట్టినా వేగం ఎందుకు పెరగలేదు? కట్టాల్సింది రిపోర్ట్ జాబ్‌ను

తర్వాత చదివేవాళ్లకూ అర్థమయ్యేలా ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. రెండు సాకెట్ల లినక్స్ సర్వర్. ఒక్కో సాకెట్‌లో 16 కోర్లు. ఒక్కో కోర్‌ను రెండు సీపీయూలుగా చూపించే హైపర్‌త్రెడింగ్ ఆన్‌లో ఉంది కాబట్టి సిస్టమ్‌కు 64 సీపీయూలు కనిపిస్తున్నాయి. దాని మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడుస్తోంది. రాత్రిపూట ఒక రిపోర్ట్ జాబ్ మొదలై, ముందే ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టిన ఫైళ్లు చదివి, పీడీఎఫ్‌లు తయారుచేసి కంప్రెస్ చేస్తుంది. అది నడుస్తున్నంతసేపూ డేటాబేస్ నెమ్మదిస్తోంది. అందుకని మీరు, ఒక ప్రాసెస్ ఏ సీపీయూల మీద నడవాలో చెప్పే టాస్క్‌సెట్ కమాండ్‌తో పోస్ట్‌గ్రెస్ మెయిన్ ప్రాసెస్‌ను 0 నుంచి 7 వరకు సీపీయూలకు కట్టారు. కొన్ని కనెక్షన్లు మునుపటికంటే నెమ్మదించాయి, కొన్నింట్లో ఏ మార్పూ లేదు. రీబూట్ చేశాక ఆ సెట్టింగే పోయింది. సీపీయూల అమరికను చూపించే ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ అవుట్‌పుట్ కూడా మీరు పెట్టారు. అందులో నోడ్ (ఒక సాకెట్, దాని సొంత మెమరీ) 0 కింద సరి సంఖ్యలు, నోడ్ 1 కింద బేసి సంఖ్యలు ఉన్నాయి.

మీరు చూసినవాటిలో వింతేమీ లేదు, ప్రతిదానికీ కారణం దొరుకుతుంది. నా సలహా మాత్రం ముందే చెప్పేస్తాను: డేటాబేస్‌ను వదిలేయండి, రిపోర్ట్ జాబ్‌ను కొన్ని కోర్లకు కట్టేయండి. ఇబ్బంది పడుతున్న ప్రోగ్రామ్‌ను ఒక మూలకు నెట్టడం కంటే, ఇబ్బంది పెడుతున్నదాన్ని మూలకు నెట్టడం దాదాపు ఎప్పుడూ మంచి ఫలితమే ఇస్తుంది.

మీరు టాస్క్‌సెట్‌తో మార్చినదాన్ని ఎఫినిటీ అంటారు. ఏ పని ఏ సీపీయూ మీద నడవాలో నిర్ణయించే షెడ్యూలర్‌కు మనం ఇచ్చే ఒక జాబితా అది. ఈ త్రెడ్‌ను (ప్రాసెస్‌లో విడిగా నడిచే ఒక పనిని) ఈ సీపీయూల మీదే నడుపు, ఇంకెక్కడికీ పంపకు అని. ఆ సీపీయూలను ఈ త్రెడ్ కోసం ఎవరూ ఖాళీ చేసి పెట్టరు. ఒక మనిషిని రైల్లో ఫలానా పెట్టెలోనే ఎక్కాలని కట్టడి చేసి, ఆ పెట్టెలోకి మిగతా అందర్నీ కూడా ఎక్కనిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మీరు పోస్ట్‌గ్రెస్‌కు 0-7 ఇచ్చారు. రిపోర్ట్ జాబ్‌కు మాత్రం 64 సీపీయూలూ అందుబాటులోనే ఉన్నాయి, అందులో ఆ ఎనిమిదీ ఉన్నాయి. అంతకుముందు ఒక కోర్ బిజీగా ఉంటే షెడ్యూలర్ మీ కనెక్షన్‌ను ఖాళీగా ఉన్న ఇంకో కోర్ మీదికి మార్చేది. ఇప్పుడు పక్కన యాభై సీపీయూలు ఖాళీగా ఉన్నా అది అక్కడికి వెళ్లలేదు. అందుకే నెమ్మదించింది.

మరి కొన్ని కనెక్షన్లే ఎందుకు? పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్‌కు ఒక వేరే ప్రాసెస్ పుడుతుంది. ఎఫినిటీ పుట్టినప్పుడు తల్లి ప్రాసెస్ నుంచి పిల్ల ప్రాసెస్‌కు వస్తుంది. ఆ తర్వాత తల్లిని మార్చినా, అప్పటికే పుట్టిన పిల్లలు మారవు. మీరు మెయిన్ ప్రాసెస్‌ను కట్టేసరికి కనెక్షన్ పూల్‌లో (ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపులో) ఉన్న పాత కనెక్షన్లు 64 సీపీయూల మీదా స్వేచ్ఛగానే తిరుగుతున్నాయి. ఆ తర్వాత వచ్చినవన్నీ ఎనిమిదింట్లో ఇరుక్కున్నాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. పారలల్ క్వెరీల కోసం (ఒకే క్వెరీని పంచుకుని చేయడానికి) పుట్టే వర్కర్లను, టేబుళ్లను శుభ్రం చేసే ఆటోవాక్యూమ్ వర్కర్లను కూడా మెయిన్ ప్రాసెసే పుట్టిస్తుంది. అంటే పాత కనెక్షన్ నుంచి వచ్చిన పెద్ద క్వెరీ అయినా, దాని వర్కర్లు మాత్రం ఆ ఎనిమిది సీపీయూల్లోనే పడతాయి.

ఇక్కడ చాలామంది టాస్క్‌సెట్‌కు ఎ ఆప్షన్ జోడిస్తే సరిపోతుందని చెప్తారు. ఆ ఆప్షన్ ఒక ప్రాసెస్‌లోని త్రెడ్లన్నింటికీ పనిచేస్తుంది, పిల్ల ప్రాసెస్‌లకు కాదు. మైసీక్వెల్ లేదా జావా ప్రోగ్రామ్ లాంటివి ఒకే ప్రాసెస్‌లో ఎన్నో త్రెడ్లతో నడుస్తాయి కాబట్టి వాటికి అది తప్పనిసరి. లేకపోతే మెయిన్ త్రెడ్ ఒక్కటే మారుతుంది. పోస్ట్‌గ్రెస్‌కు దానివల్ల ప్రయోజనం లేదు. టాస్క్‌సెట్ గురించి ఇంకొక్క మాట: సి ఆప్షన్ లేకుండా ఇచ్చే సంఖ్యను అది సీపీయూ నంబర్‌గా కాదు, హెక్సాడెసిమల్ మాస్క్‌గా తీసుకుంటుంది. 3 అని ఇస్తే 0, 1 సీపీయూలు వస్తాయి. మూడో నంబర్ సీపీయూ కావాలంటే 8 ఇవ్వాలి. మీరు సి ఆప్షన్ వాడారు కాబట్టి మీకు ఈ సమస్య లేదు, కానీ ఇది చదివి ప్రయత్నించేవాళ్లు ఇక్కడ పొరబడే అవకాశం ఎక్కువ.

ఇక ఆ 0-7 అనే ఎంపిక. ఒకే చోట పక్కపక్కనే ఉన్న ఎనిమిది కోర్లు అనుకుని ఇచ్చి ఉంటారు. మీ మెషీన్‌లో సరి సంఖ్యలు ఒక సాకెట్, బేసి సంఖ్యలు ఇంకో సాకెట్. అంటే మీరు ఎంచుకున్నవాటిలో 0, 2, 4, 6 ఒక ప్రాసెసర్ చిప్ మీద, 1, 3, 5, 7 ఇంకో చిప్ మీద ఉన్నాయి. ఎల్3 క్యాష్ (చిప్ లోపల కోర్లు పంచుకునే వేగమైన మెమరీ) ఒకటే పంచుకోవాలన్న ఉద్దేశంతో కట్టినా, ఇక్కడ అది జరగలేదు. సీపీయూ నంబర్లను బయోస్ ఇచ్చే క్రమాన్ని బట్టి కేటాయిస్తారు. కొన్ని సర్వర్లలో 0-15 ఒక సాకెట్‌కు వస్తాయి, కొన్నింట్లో మీకులా ఒకటి విడిచి ఒకటి వస్తాయి. కాబట్టి ఎక్కడో చదివిన నంబర్లను ఎప్పుడూ నేరుగా వాడకండి. ఎల్ఎస్‌సీపీయూకు ఇ ఆప్షన్ ఇస్తే ప్రతి సీపీయూకు నోడ్, సాకెట్, కోర్, క్యాష్ వివరాలు ఒక్కో వరుసలో వస్తాయి. కోర్ కాలమ్‌లో ఒకే నంబర్ ఉన్న రెండు సీపీయూలు నిజానికి ఒకే కోర్‌లోని రెండు హైపర్‌త్రెడ్లు. మీ అవుట్‌పుట్ ప్రకారం 0కి జత 32, 1కి జత 33, అలా 31కి జత 63.

ఈ జతల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా ముఖ్యం. జతలోని రెండు సీపీయూలు ఎల్1, ఎల్2 క్యాష్‌లను, లెక్కలు చేసే యూనిట్లను పంచుకుంటాయి. డేటాబేస్‌కు 0, రిపోర్ట్‌కు 32 ఇచ్చి రెండింటినీ విడగొట్టామనుకుంటే, కాగితం మీద మాత్రమే విడగొట్టినట్టు. పంచేటప్పుడు ఎప్పుడూ పూర్తి కోర్ లెక్కన, జతగానే పంచండి. ఏఎండీ ఎపిక్ సర్వర్లయితే ఇంకో స్థాయి కూడా చూడాలి: అక్కడ ఎల్3 క్యాష్ సాకెట్ అంతటికీ ఒకటిగా ఉండదు, కొన్ని కోర్ల గుంపుకు ఒకటి చొప్పున ఉంటుంది. జెన్ 2లో నాలుగు కోర్లకు ఒకటి, జెన్ 3లో ఎనిమిది కోర్లకు ఒకటి. అక్కడ గుంపు లెక్కన పంచితే బాగా కలిసొస్తుంది.

ఏదైనా మార్చే ముందు, అసలు సమస్య సీపీయూదేనా అని తేల్చుకోవాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా కోర్లు కట్టడం మొదలుపెట్టేవాళ్లను చాలామందిని చూశాను. తేల్చుకోవడానికి పెద్ద టూల్స్ అక్కర్లేదు. ప్రాక్ డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్ నంబర్ కింద షెడ్‌స్టాట్ అనే ఫైల్ ఉంటుంది. అందులో మూడు సంఖ్యలుంటాయి. మొదటిది సీపీయూ మీద నడిచిన సమయం, రెండోది నడవడానికి సిద్ధంగా ఉండి కూడా క్యూలో ఎదురుచూసిన సమయం, రెండూ నానోసెకన్లలో. మూడోది ఎన్నిసార్లు సీపీయూ దొరికిందో ఆ లెక్క. ఒక నెమ్మదైన కనెక్షన్ ప్రాసెస్‌ను తీసుకుని, రిపోర్ట్ నడుస్తున్నప్పుడు కొన్ని సెకన్ల తేడాతో రెండుసార్లు ఈ ఫైల్ చదవండి. రిపోర్ట్ లేనప్పుడూ అలాగే చదవండి. రిపోర్ట్ ఉన్నప్పుడు రెండో సంఖ్య వేగంగా పెరుగుతుంటే సీపీయూ కోసం పోటీ ఉన్నట్టే, కోర్లు పంచడం పనికొస్తుంది. అది కదలకుండా క్వెరీ మాత్రం నెమ్మదిగా ఉంటే ఇంకో రెండు అవకాశాలున్నాయి.

మొదటిది: మొదటి సంఖ్య పెరుగుతోంది, అంటే ప్రాసెస్ నడుస్తూనే ఉంది, కానీ అదే పనికి ఎక్కువ సమయం పడుతోంది. జత సీపీయూ మీద రిపోర్ట్ నడుస్తూ ఉండవచ్చు, లేదా ఎల్3 క్యాష్ కోసమో మెమరీ బ్యాండ్‌విడ్త్ కోసమో పోటీ ఉండవచ్చు. దీనికి కూడా కోర్లు పంచడం కొంత సాయం చేస్తుంది.

రెండోది: రెండు సంఖ్యలూ పెద్దగా పెరగట్లేదు. అంటే ప్రాసెస్ నిద్రపోతోంది, డిస్క్ కోసమో లాక్ కోసమో ఎదురుచూస్తోంది. మీ జాబ్ పెద్ద పెద్ద ఫైళ్లు చదివి రాస్తోంది కాబట్టి ఇది జరిగే అవకాశం బాగానే ఉంది. పోస్ట్‌గ్రెస్ తన షేర్డ్ బఫర్లతో (మెమరీలో డేటా ఉంచుకునే సొంత చోటుతో) పాటు, చదివిన ఫైళ్లను ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలో దాచే పేజ్ క్యాష్ మీద కూడా గట్టిగా ఆధారపడుతుంది. రిపోర్ట్ ఫైళ్లు ఆ క్యాష్‌ను నింపేస్తే డేటాబేస్ పేజీలు బయటికి పోతాయి, తర్వాత క్వెరీలు డిస్క్ దాకా వెళ్లాల్సి వస్తుంది. అప్పుడు ఏ కోర్‌కు ఏది కట్టినా తేడా రాదు. రిపోర్ట్ సర్వీస్‌కు మెమరీహై అనే పరిమితి పెడితే దాని పేజ్ క్యాష్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. డిస్క్ సమస్య అయితే నేనైతే అక్కడ మొదలుపెడతాను.

సీపీయూ పోటీ అని తేలిందనుకుందాం. అప్పుడు కూడా ముందుగా ప్రయత్నించాల్సింది కోర్లు కట్టడం కాదు, సీపీయూవెయిట్. పోటీ వచ్చినప్పుడు సీపీయూ వాటాను నిర్ణయించే సంఖ్య ఇది. లినక్స్‌లో సర్వీస్‌లను నడిపే సిస్టమ్‌డీలో ఏ సర్వీస్‌కైనా ఇది మామూలుగా 100. రిపోర్ట్ సర్వీస్‌కు 10 ఇవ్వండి. ఇద్దరూ ఒకే సీపీయూ కోసం పోటీపడినప్పుడు డేటాబేస్‌కు ఎక్కువ వాటా వస్తుంది. డేటాబేస్ ఖాళీగా ఉన్నప్పుడు రిపోర్ట్ మొత్తం మెషీన్‌ను వాడుకుంటుంది, ఏదీ వృథా కాదు. చాలా సర్వర్లకు ఇదొక్కటే చాలు. దీనివల్ల తీరనిది మాత్రం పైన చెప్పిన జత సీపీయూల, క్యాష్‌ల పోటీ. క్వెరీ సమయాలు మిల్లీసెకన్లలో లెక్కపెట్టుకునే చోట ఆ తేడా కనిపిస్తుంది. అక్కడ కోర్లు పంచాలి.

మీ మెషీన్‌కు నేను ఇచ్చే పంపకం ఇది. రిపోర్ట్‌కు నోడ్ 1లోని నాలుగు పూర్తి కోర్లు: 25, 27, 29, 31, వాటి జతలు 57, 59, 61, 63. సిస్టమ్‌డీ సర్వీస్ ఫైల్‌లో సర్వీస్ సెక్షన్ కింద ఎలౌడ్‌సీపీయూస్ అనే సెట్టింగ్‌కు ఈ ఎనిమిది నంబర్లూ కామాలతో ఇవ్వండి. జాబ్ ఇప్పుడు క్రాన్ (వేళకు పనులు మొదలుపెట్టే ప్రోగ్రామ్) నుంచి నడుస్తుంటే దాన్ని సిస్టమ్‌డీ టైమర్‌గా మార్చండి, లేదా క్రాన్ లైన్‌లోనే సిస్టమ్‌డీ-రన్ ద్వారా స్కోప్‌గా (సిస్టమ్‌డీ అదుపులోని ప్రాసెస్‌ల గుంపుగా) నడపండి. సర్వీస్ ఫైల్‌లో ఉంటుంది కాబట్టి రీబూట్ తర్వాత పోదు. టాస్క్‌సెట్ నడుస్తున్న ప్రాసెస్ మీద మాత్రమే పనిచేస్తుంది, ఎక్కడా సేవ్ చేయదు. మీ సెట్టింగ్ పోవడానికి కారణం అదే.

సిస్టమ్‌డీలో సీపీయూఎఫినిటీ అని ఇంకో సెట్టింగ్ కూడా ఉంది. రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ కాదు. సీపీయూఎఫినిటీ లోపల జరిగేది టాస్క్‌సెట్ చేసే పనే. ప్రోగ్రామ్ తనంతట తాను ఆ జాబితాను మార్చుకోగలదు. ఎలౌడ్‌సీపీయూస్ మాత్రం సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపుకు పరిమితులు పెట్టే లినక్స్ సౌకర్యం) వెర్షన్ 2లోని సీపీయూసెట్‌ను వాడుతుంది. ఆ గ్రూప్‌లో పుట్టిన ఏ ప్రాసెస్సూ దాన్ని దాటి బయటికి వెళ్లలేదు. పైగా నడుస్తుండగానే సిస్టమ్‌సీటీఎల్‌లోని సెట్-ప్రాపర్టీతో మార్చవచ్చు. మార్చగానే లోపలున్న అన్ని ప్రాసెస్‌లకూ, త్రెడ్లకూ వర్తిస్తుంది. ఒకవేళ మీకు ఎప్పుడైనా పోస్ట్‌గ్రెస్‌నే కట్టాల్సి వచ్చినా ఇదే దారి. పాత కనెక్షన్లు, కొత్త కనెక్షన్లు అనే తేడా ఉండదు. ఇది సిస్టమ్‌డీ 244 నుంచి ఉంది. అంతకంటే పాతదైతే సీపీయూఎఫినిటీతోనే సరిపెట్టుకోవాలి.

పెట్టాక పనిచేస్తోందో లేదో చూడటం సులువు. ప్రాక్‌లో ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైల్ తెరిస్తే, సీపీయూస్ ఎలౌడ్ లిస్ట్ అనే వరుసలో అనుమతి ఉన్న నంబర్లు కనిపిస్తాయి. ఇప్పుడు ఏ సీపీయూ మీద ఉందో పీఎస్ కమాండ్‌లో పీఎస్ఆర్ కాలమ్ చెప్తుంది. త్రెడ్లను కూడా చూపించే ఆప్షన్ తప్పక జోడించండి.

రిపోర్ట్‌కు పట్టే సమయం పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. ఎంత పెరుగుతుందన్నది అది ఎన్ని త్రెడ్లు పెడుతోందో దాని మీద ఆధారపడి ఉంటుంది. ఎన్‌ప్రాక్ కమాండ్, జావా, గో లాంటివి అనుమతి ఉన్న సీపీయూలనే లెక్కపెడతాయి, కాబట్టి మొదలయ్యేటప్పుడే 8 అని తెలుసుకుని అన్ని త్రెడ్లే పెడతాయి. కాన్ఫిగ్ ఫైల్‌లో 64 అని ఎవరైనా రాసి పెట్టి ఉంటే, ఎనిమిది సీపీయూల మీద 64 త్రెడ్లు కొట్టుకుంటాయి. దాన్ని ముందే తగ్గించండి. తెల్లారేలోపు రిపోర్ట్ పూర్తికాకపోతే ఇంకో రెండు జతలు ఇచ్చి చూడండి.

మీ జాబ్ ఎక్స్‌పోర్ట్ ఫైళ్లు చదువుతోంది కాబట్టి ఇదంతా పనిచేస్తుంది. అదే నేరుగా ఎస్‌క్యూఎల్ క్వెరీలు పంపేదై ఉంటే, అసలు బరువు రిపోర్ట్ ప్రోగ్రామ్ మీద కాదు, దాని తరఫున పోస్ట్‌గ్రెస్‌లో పుట్టిన ప్రాసెస్ మీద పడేది. రిపోర్ట్‌ను ఒకే కోర్‌కు కట్టినా ఆ క్వెరీ ఎక్కడైనా నడిచేది. అలాంటప్పుడు రిపోర్ట్‌ల కోసం వేరే మెషీన్‌లో డేటాబేస్‌కు ఒక రెప్లికా (నకలు) పెట్టుకోవడమే నిజమైన పరిష్కారం.

డేటాబేస్‌ను ఒకే సాకెట్‌కు కడదామన్న ఆలోచన వస్తే మెమరీ సంగతి మర్చిపోకండి. లినక్స్‌లో ఒక మెమరీ పేజీని మొదట ఏ సీపీయూ ముట్టుకుంటే మామూలుగా ఆ నోడ్‌లోనే అది పడుతుంది. ఇన్నాళ్లూ రెండు సాకెట్ల మీదా నడిచిన పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్లు రెండు నోడ్ల మీదా పరుచుకుని ఉంటాయి. ప్రాసెస్‌లను టాస్క్‌సెట్‌తో నోడ్ 0కి లాగినా, పేజీలు వాటి వెంట రావు. ఇంకో నోడ్‌లో ఉన్న ప్రతి పేజీ కోసం సాకెట్ల మధ్య లింక్ దాటాలి. నోడ్ల వివరాలు చూపించే, ప్రోగ్రామ్‌ను నోడ్‌కు కట్టే న్యూమాసీటీఎల్ కమాండ్‌కు హార్డ్‌వేర్ ఆప్షన్ ఇస్తే ఆ దూరం కనిపిస్తుంది. సొంత నోడ్‌కు 10, పక్క నోడ్‌కు తరచుగా 20 లేదా 21 అని ఉంటుంది. కట్టాలనుకుంటే సర్వీస్ మొదలయ్యేటప్పుడే సీపీయూ, మెమరీ రెండూ కలిపి కట్టాలి. న్యూమాసీటీఎల్‌లో మెమరీని ఆ నోడ్‌కే పరిమితం చేసే మెమ్‌బైండ్ కంటే, ఆ నోడ్‌కు ప్రాధాన్యం మాత్రమే ఇచ్చే ప్రిఫర్డ్ ఆప్షన్ సురక్షితం. మెమ్‌బైండ్ పెట్టి ఆ నోడ్ నిండిపోతే, పక్క నోడ్‌లో ఎంత మెమరీ ఖాళీగా ఉన్నా కెర్నల్ అక్కడి నుంచి ఇవ్వదు, ప్రాసెస్‌ను చంపేసే పరిస్థితి కూడా రావచ్చు.

నెట్‌వర్క్ కార్డ్, డిస్క్ లాంటివి సీపీయూను పిలిచే ఇంటరప్ట్‌లు కూడా సీపీయూల మీదే నడుస్తాయి, వాటికి ఎఫినిటీ వేరుగా ఉంటుంది. ప్రాక్‌లోని ఇంటరప్ట్స్ ఫైల్ చూస్తే నెట్‌వర్క్ కార్డ్ క్యూలు ఏ సీపీయూల మీద పడుతున్నాయో తెలుస్తుంది. రిపోర్ట్‌కు ఇచ్చిన ఎనిమిదింటి మీద అవి ఎక్కువగా పడుతుంటే వేరే కోర్లు ఎంచుకోండి. ఐఆర్‌క్యూ బ్యాలెన్స్ అనే సర్వీస్ నడుస్తుంటే మీరు చేత్తో పెట్టిన ఇంటరప్ట్ సెట్టింగ్‌లను అది మార్చేయవచ్చు. ఎన్‌వీఎమ్ఈ డిస్క్‌ల ఇంటరప్ట్‌లు సాధారణంగా కెర్నల్ ఆధీనంలోనే ఉంటాయి, వాటిని మనం మార్చలేం.

ఐసోల్‌సీపీయూస్ అనే బూట్ ఆప్షన్ పెట్టమని మీకు ఎవరో సలహా ఇచ్చారని రాశారు. మీ పనికి అది వద్దు. దాంతో ఆ కోర్లు షెడ్యూలర్ లోడ్ బ్యాలెన్సింగ్ నుంచే బయటికి వెళ్లిపోతాయి. అలాంటి చోట ఎనిమిది కోర్లు ఇచ్చి ఎన్నో ప్రాసెస్‌లను నడిపితే, అన్నీ ఒకే కోర్ మీద గుంపుగా కూర్చుని మిగతా ఏడూ ఖాళీగా ఉండిపోవచ్చు. ఒక్కో త్రెడ్‌ను ఒక్కో కోర్‌కు చేత్తో కట్టుకునే రియల్‌టైమ్ ప్రోగ్రామ్‌లకు, ప్యాకెట్ ప్రాసెసింగ్ ప్రోగ్రామ్‌లకు అది సరైనది. కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో కూడా దాన్ని వదిలేసి సీపీయూసెట్‌లు వాడమనే రాసి ఉంది.

ఈ సర్వర్ వర్చువల్ మెషీన్ కాదని మీరు చెప్పారు కాబట్టి పైవన్నీ నేరుగా వర్తిస్తాయి. వర్చువల్ మెషీన్‌లో అయితే మనం కట్టేది వర్చువల్ సీపీయూకు. దాన్ని కింద ఉన్న అసలు మెషీన్, అంటే హోస్ట్, ఏ కోర్ మీదికైనా మార్చగలదు. టాప్ కమాండ్‌లో ఎస్‌టీ అనే శాతం ఎక్కువగా కనిపిస్తే సమస్య హోస్ట్‌లో ఉన్నట్టు, లోపల ఎంత సర్దినా లాభం లేదు. డాకర్‌లో నడిపేవాళ్లు సీపీయూసెట్-సీపీయూస్ ఆప్షన్ వాడాలి. ఒట్టి సీపీయూస్ ఆప్షన్ కోర్లను కట్టదు, సమయం కోటా మాత్రమే పెడుతుంది. కోటా అయిపోతే తర్వాతి పీరియడ్ దాకా కంటైనర్ ఆగిపోతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని, ఇంకా టాస్క్‌సెట్ ప్రభావంలో ప్రాసెస్‌లేమైనా ఉన్నాయేమో చూడటం. రీబూట్ తర్వాత మళ్లీ ఆ కమాండ్ ఇచ్చి ఉంటే పోస్ట్‌గ్రెస్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. మెయిన్ ప్రాసెస్‌కు 64 సీపీయూలూ తిరిగి ఇచ్చినా, మధ్యలో పుట్టిన కనెక్షన్లు ఆ ఎనిమిదింట్లోనే ఉండిపోతాయి. తర్వాత ఒక రాత్రి ఏమీ మార్చకుండా షెడ్‌స్టాట్ సంఖ్యలు తీసుకోండి. మరుసటి రాత్రి సీపీయూవెయిట్ ఒక్కటే పెట్టి, ఆ తర్వాతి రాత్రి ఎలౌడ్‌సీపీయూస్ కూడా పెట్టి, మళ్లీ అవే సంఖ్యలు తీసుకోండి. రెండు మార్పులూ ఒకేసారి చేయకండి. క్వెరీ సమయాలు పోల్చేటప్పుడు సగటు కాకుండా 99వ పర్సంటైల్ (నూటికి 99 క్వెరీలు ఎంతలోపు పూర్తయ్యాయో ఆ సమయం) చూడండి. ఇలాంటి పోటీ సగటులో దాగిపోతుంది. సంఖ్యలు వచ్చాక ఇక్కడ పెట్టండి, షెడ్‌స్టాట్‌లోని మొదటి రెండు సంఖ్యలూ పెద్దగా పెరగకపోతే డిస్క్ వైపు ఏం చూడాలో అప్పుడు వివరంగా రాస్తాను.